ఆటల పెట్టె: పద్నాలుగు మంది, రెండు చాపలు, ఒక డబ్బా

పోయిన సంచికలో చివర్న "పండక్కి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునే ఆటల గురించి ఏమన్నా అడగాలనుంటే అడగండి" అని రెండు లైన్లు వేశానో లేదో, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ కలిపి ఒక సంచీడు వచ్చి పడ్డాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. ఎక్కువమంది అడిగినవి, చదవగానే నాకు నవ్వొచ్చినవి, ఇది మా ఇంట్లోనూ జరిగిందే అనిపించినవి ఏరాను. పేర్లు వేయొద్దని చాలామంది అన్నారు కాబట్టి వాళ్ళు పెట్టుకున్న సంతకాలే వేస్తున్నా.

ప్రశ్న: అప్పా, మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పెద్ద పండక్కి హైదరాబాద్ నుంచి ఇద్దరు బావగార్ల వాళ్ళూ, వైజాగ్ నుంచి మా ఆడపడుచు వాళ్ళూ వస్తారు, అందరం కలిపి పద్నాలుగు మందిమి. భోజనాలైపోగానే తలా ఒక మూల ఫోన్ పట్టుకుని కూర్చుండిపోతారు. పోయినేడు ఆన్‌లైన్‌లో చూసి ఒక బోర్డు గేమ్ తెప్పించాను, తీరా చూస్తే నలుగురే ఆడాలంట, మిగతా పదిమందీ పది నిమిషాలు చూసి మళ్ళీ ఫోన్లు తీసీసారు. ఈసారి ఏటి కొనమంటారు? – మూడో కోడలు

జవాబు: అమ్మా మూడో కోడలా, డబ్బా మీద బొమ్మ చూసి కొనేశావు కదూ, నేనూ అలాగే కొని రెండు డబ్బాలు అటక మీద పడేశాను. చూడాల్సింది బొమ్మ కాదు, ఆ పక్కన చిన్నగా వేసుంటుంది ఎంతమంది ఆడొచ్చో, అది. అక్కడ 2 నుంచి 4 అనుంటే నీకు పనికిరాదు, ఆట ఎంత బాగున్నా సరే. మీలాంటి ఇంటికి జట్లుగా ఆడే ఆట కావాలి, ఎందుకంటే జట్టుంటే రూల్ అర్థం కాని వాళ్ళు కూడా పక్కవాళ్ళ మీద ఆనుకుని లాగించేస్తారు, మధ్యలో లేచి టీ పెట్టొచ్చినా ఆట ఆగదు, నిద్రపోతున్న పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకునైనా ఆడొచ్చు.

నన్నడిగితే కోడ్‌నేమ్స్. వ్లాదా ఖ్వాటిల్ అని ఒక చెక్ దేశస్థుడు తయారుచేశాడు, 2015లో వచ్చింది, జర్మనీలో ఏటా మంచి ఆటకిచ్చే పెద్ద అవార్డు 2016లో దీనికే ఇచ్చారు. అయితే డబ్బా కొనొద్దంటాను, ఎందుకో చెప్తాను. అందులో పదాలన్నీ ఇంగ్లీషు. మీ అత్తగారి ముందు ఆ కార్డులు పరిస్తే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది, ఆవిడ వెనకే ఇంకో ముగ్గురు. ఇంట్లోనే చేసుకోండి, పాత పెళ్ళి శుభలేఖలు ఉంటాయి కదా, అవి కత్తిరిస్తే గట్టిగా బ్రహ్మాండంగా వస్తాయి కార్డులు. ఒక్కోదాని మీద ఒక్కో తెలుగు మాట రాయండి, ఒక వంద మాటలు రాసి పెట్టుకుంటే పండగ నాలుగు రోజులూ సరిపోతాయి. రెండర్థాలొచ్చే మాటలు ఎన్ని వేస్తే ఆట అంత రంజుగా ఉంటుంది, గంట అంటే గుడిలో గంటా అవుతుంది గడియారంలో గంటా అవుతుంది, తాళం అంటే తలుపుకీ వేస్తాం పాటకీ వేస్తాం, పాలు అంటే ఆవుపాలూ అన్నదమ్ముల పాలూ. కోట, వల, తార, వీణ, నిచ్చెన, జీడి, ఇలా రాసుకుంటూ పోండి.

ఆడేది ఇలాగ. 25 కార్డులు చాప మీద ఐదు వరసలుగా పరవాలి. రెండు జట్లు, జట్టుకొక కెప్టెన్. కెప్టెన్లిద్దరూ ఒకవైపు కూర్చుంటారు, వాళ్ళ దగ్గర మాత్రమే ఒక చిన్న చీటీ, అందులో 25 గళ్ళు గీసి ఉంటాయి, ఏ గడి ఎవరిదో రంగు వేసి ఉంటుంది. ముందు మొదలెట్టే జట్టుకి 9, రెండో జట్టుకి 8, ఏడు ఎవరివీ కావు, ఒకటి మాత్రం నల్ల గడి. కెప్టెన్ ఒక్క మాట, ఒక అంకె చెప్పాలి, అంతే, ఇంకేం మాట్లాడకూడదు, మొహం కూడా చిట్లించకూడదు (ఇది మాత్రం మన ఇళ్ళలో అయ్యే పని కాదు). ఆ మాటకి కలిసే కార్డులు ఆ అంకె చెప్పినన్ని ఉన్నాయన్నమాట, వాటిని జట్టు వెతుక్కోవాలి. కరెక్టుగా ముట్టుకుంటే ఇంకోటి ముట్టుకోవచ్చు, చెప్పిన అంకె కంటే ఒకటి ఎక్కువ దాకా వెళ్ళొచ్చు. అవతలి జట్టుదో ఎవరిదీ కానిదో ముట్టుకుంటే ఆ వంతు అయిపోయినట్టు. నల్ల గడి ముట్టుకున్నారో, ఆటే పోయింది.

పోయిన కనుమ రాత్రి మా మేడ మీద ఆడాం. మా చెల్లెలి మొగుడు, అంటే మా మరిది, గుంటూరు ఆయన, కెప్టెన్. ఆయన జట్టులో మా అత్తగారు, మా చిన్నోడు, పక్కింటి వాళ్ళు ఇద్దరు. ఇంక మూడే కార్డులు మిగిలాయి ఆయనకి: గంట, దీపం, తాబేలు. ఆ పొద్దుటే ఆయన్ని శ్రీకూర్మం తీసుకెళ్ళాం, గుడి వెనకాల తాబేళ్ళని చూసి మురిసిపోయి వచ్చాడు, ఆ ఊపులో "గుడి, మూడు" అన్నాడు. మూడూ కలిసే మాట, నిజంగా మంచి క్లూ, నేను అవతలి జట్టులో కూర్చుని అయిపోయాం అనుకున్నాను. ఆయన నోటమ్మట మాట పూర్తవకుండానే మా అత్తగారు ముందుకి వంగి "సూర్యుడు" కార్డు మీద వేలు పెట్టేసింది. నల్ల గడి అది! మరిది తల పట్టుకుని "అత్తయ్యగారూ గంట ఉంది కదండీ, దీపం ఉంది కదండీ" అంటుంటే ఆవిడ ఏమాత్రం తగ్గలేదు, "సిక్కోలులో గుడంటే అరసవిల్లి కాదేటి బాబూ, గుడంటావు, ఎదురుగా సూర్యుణ్ణెట్టుకుంటావు, మరి నేనేటి ముట్టుకోవాలి" అంది. మా శ్రీకాకుళంలో అరసవిల్లిది సూర్యుడి గుడేనాయె, ఆవిడన్నదాంట్లో తప్పేముంది చెప్పండి. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా క్లూ చెప్పబోతుంటే "సూర్యుడున్నాడు చూసుకో" అంటాం.

దీన్నిబట్టి నీకు అర్థమయే ఉంటుంది, ఈ ఆటకి తెలివి కంటే ఎదుటివాళ్ళ బుర్రలో ఏం తిరుగుతోందో తెలియడం ముఖ్యం, అందుకే చుట్టాల మధ్య ఇంత బాగా పండుతుంది. పద్నాలుగు మందిని ఏడేసి మంది చెయ్యండి, ఆట ఆటకీ కెప్టెన్లని మార్చండి. ఒక్క జాగ్రత్త, రూల్స్ అన్నీ ముందే చదివి వినిపించకండి, మూడో రూల్ దగ్గరే సగం మంది ఫోన్ తీస్తారు. "ఇది ఉత్తుత్తి ఆట" అని ఒక రౌండ్ ఆడించేయండి, తప్పులు చేస్తూ నేర్చుకుంటారు.

ఇంకో మాట, అందరూ ఒకేసారి వచ్చి కూర్చోరు కదా, ఒకరు స్నానం ఒకరు కునుకు, ఆ గ్యాప్‌లో తంబోలా పెట్టండి. 90 నంబర్లు, టికెట్‌కి 15, పిలిచిన నంబరు టికెట్ మీద ఉంటే కొట్టేసుకోవడమే, మొదటి ఐదుకొకటి, లైన్లకొకటి, ఫుల్ హౌస్‌కొకటి బహుమతి. నంబర్లు పిలిచే పని మీ ఇంట్లో గొంతు పెద్దగా ఉన్న వాళ్ళకివ్వండి, ఆ కేకలకి నిద్రపోయేవాళ్ళు కూడా లేచొస్తారు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మగారు ఐదో తరగతి, అత్తగారు అసలు బడికే వెళ్ళలేదు. పిల్లలేమో ఇంగ్లీష్ మీడియం. ఈ ముగ్గుర్నీ ఒక ఆటలో కూర్చోబెట్టడం కుదిరే పనేనా? – ఆమదాలవలస నుంచి ఒక టీచరమ్మ

జవాబు: కుదురుతుంది టీచరుగారూ, అక్షరం అక్కర్లేని ఆట పట్టుకోండి. బొమ్మలేసి చెప్పే ఆట ఉంది కదా, పిక్షనరీ, 1985లో అమెరికాలో రాబ్ ఏంజెల్ అనే అతను మార్కెట్లోకి తెచ్చాడు. జట్టులో ఒకరు బొమ్మ గీయాలి, మిగతా జట్టు అదేంటో చెప్పాలి, నిమిషంలో. గీసేవాళ్ళు మాట్లాడకూడదు, అక్షరాలూ అంకెలూ రాయకూడదు. దీనిక్కూడా డబ్బా కొనక్కర్లేదు, పోయినేడు క్యాలెండర్ కాయితాలు వెనకవైపు తెల్లగా ఉంటాయి, ఒక స్కెచ్ పెన్ను, ఫోన్‌లో టైమరు, చాలు. (పిల్లల చేతుల్లోంచి ఫోన్లు లాక్కోవడానికి ఇదో మంచి వంక, "టైమర్‌కి కావాలి నీ ఫోన్ ఇలా తే" అనండి.)

అయితే ఏం గీయమంటారన్నది అసలు సంగతి. ఏనుగు, చెట్టు, ఇల్లు ఇస్తే ఐదు సెకన్లలో తేలిపోతుంది. సామెతలివ్వండి. గీసేవాళ్ళ చెవిలో సామెత చెప్పాలి, వాళ్ళది బొమ్మేసి చూపించాలి. కంద, కత్తిపీట గీసి కత్తిపీట పక్కన ఒక చెయ్యి గోక్కుంటున్నట్టు గీస్తే ఎవరికి ముందు తెలుస్తుందంటారు, సీబీఎస్ఈ పిల్లలకా? మా పెద్దోడు మద్దెల గీసి దానికి ఒక చిల్లు పెట్టాడు, ఇంకా ఆడే మనిషిని గీయడం మొదలెట్టలేదు, వాళ్ళ నాయనమ్మ "ఆడలేక మద్దెల ఓడు" అనేసింది. మావాడు నోరెళ్ళబెట్టాడు, వాడికి ఆ సామెత చెవిలో చెప్పేదాకా తెలీదట. ఆ రోజు నుంచీ జట్లు వేసేటప్పుడు నాయనమ్మ మాకంటే మాకని పిల్లలు కొట్టుకుంటారు. చదువు రాని మనిషిని ఆటలో కలుపుకోవడం అంటే ఆవిడ మీద దయ చూపించడం కాదండీ, ఆవిడకి తెలిసినవి బయటికొచ్చే ఆట వెతుక్కోవడమే.

మన ఊళ్ళ మాటలు కూడా వేయండి. సిరిమాను (పైడితల్లమ్మ పండగలో చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను) గీయమంటే చూడాలి తమాషా, పొడుగ్గా ఒక గీత గీసి చివర మనిషిని కూర్చోబెట్టేలోపు విజయనగరం వాళ్ళు అరిచేస్తారు, బయటూరి అల్లుడు మాత్రం "క్రేనా?" అంటాడు.

బొమ్మలు అస్సలు రానివాళ్ళుంటే నోటితో ఆడేది టాబూ. ఒక మాట చెప్పించాలి, కానీ దానికి దగ్గరగా ఉండే ఐదు మాటలు వాడకూడదు. కొబ్బరికాయ అని చెప్పించాలి, చెట్టు, నీళ్ళు, పీచు, గుడి, పచ్చడి అనకూడదు. మా ఇంట్లో ఒకావిడ తెలివిగా "ఉద్దానం!" అంది, జట్టులో సగం మంది "జీడిపప్పు" అన్నారు, సగం మంది "కొబ్బరి" అన్నారు, ఇక ఉద్దానంలో ఏది ఎక్కువన్న గొడవలో టైమర్ మోగిపోయింది.

ప్రశ్న: మా బావతో మోనోపలీ ఆడితే ప్రతిసారీ గొడవే. మూడు గంటలు సాగుతుంది, చివరికి ఎవరో ఒకరు బోర్డు తిప్పేస్తారు. పోయినసారి రెండు రోజులు మాటల్లేవు. ఆట మానలేం, ఆయనకి అదే ఇష్టం. – బావమరిది, నరసన్నపేట

జవాబు: బాబూ, స్థలాలు కొనుక్కుని వాటి మీద పడినవాళ్ళ దగ్గర అద్దెలు గుంజే ఆ ఆట పుట్టిందే కడుపు మండించడానికి. ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ ఆవిడ 1904లో ల్యాండ్‌లార్డ్స్ గేమ్ అని పేటెంట్ తీసుకుంది, భూములన్నీ ఒకడి చేతిలో పడితే అద్దెలు కట్టేవాళ్ళు ఎలా చితికిపోతారో జనానికి తెలియాలని చేసింది. తర్వాత 1935లో పార్కర్ బ్రదర్స్ వాళ్ళు మోనోపలీ అని అమ్ముకున్నారు, ఆవిడ ఉద్దేశం గాలికి పోయింది, కడుపుమంట మాత్రం మిగిలింది. కాబట్టి మీ బావ నీ ఆఖరి వంద కూడా లాక్కుంటున్నప్పుడు నీకు ఒళ్ళు మండితే తప్పు నీది కాదు.

కానీ మూడు గంటలు సాగడం మాత్రం మీ సొంత రూల్స్ వల్లే అయ్యుంటుంది. రెండు చూసుకో. జరిమానాలూ పన్నులూ మధ్యలో పోగేసి ఫ్రీ పార్కింగ్ గడి మీద పడినవాడికి ఇచ్చేస్తున్నారా? అసలు రూల్స్‌లో అది లేదు, అక్కడ పడితే ఏమీ రాదు. అలా డబ్బులు పంచుతూ పోతే మునిగిపోవాల్సినవాడు మునగడు, ఆట తెమలదు. రెండోది, ఎవరైనా ఒక స్థలం మీద పడి కొననంటే దాన్ని అలా వదిలేస్తున్నారా? వదలకూడదు, వెంటనే వేలం వేయాలి, వద్దన్నవాడు కూడా పాడొచ్చు. ఇది చాలామందికి తెలీదు. వేలం పెడితే స్థలాలు గబగబా అమ్ముడైపోతాయి, పైగా "ఒకటోసారి, రెండోసారి" అని పాట పాడుతుంటే ఊళ్ళో చెరువు వేలంపాటలాగా ఇల్లు దద్దరిల్లిపోతుంది. ఇంకా సాగుతుందనుకుంటే గంటన్నరకి అలారం పెట్టండి, మోగేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు.

బావ సంగతంటావా, ఆయన్ని బ్యాంకులో కూర్చోబెట్టు. నోట్లు లెక్కపెట్టి అందరికీ ఇస్తూ ఉంటే సగం కోపం అక్కడే పోతుంది. అప్పటికీ బోర్డు తిప్పేస్తే ఆ పూట బావ జట్టులో నువ్వుండే ఆట ఆడు, పైన చెప్పిన బొమ్మలాటలాంటిది. ఇద్దరూ ఒకవైపు ఉండి ఓడిపోతే ఇద్దరికీ కలిపి తిట్టుకోవడానికి అవతలివాళ్ళు దొరుకుతారు.

ప్రశ్న: యూనోలో ప్లస్ టూ మీద ప్లస్ టూ వేయొచ్చా లేదా? ఒక్క మాటలో చెప్పండి, పందెం కాశాం. – ముగ్గురన్నదమ్ములు, పాలకొండ

జవాబు: వేయకూడదు. (తెలియనివాళ్ళకి: యూనో రంగో అంకో కలిసేలా ముక్కలు వేసే కార్డులాట, ప్లస్ టూ వేస్తే పక్కవాడు రెండు ముక్కలు, ప్లస్ ఫోర్ వేస్తే నాలుగు తీసుకోవాలి.) ప్లస్ ఫోర్ మీద ప్లస్ టూ కూడా వేయకూడదు, పడినవాడు ముక్కలు తీసుకుని వంతు వదులుకోవాల్సిందే, 2019లో యూనో వాళ్ళే సోషల్ మీడియాలో పెట్టారు, ప్రపంచమంతా వాళ్ళ మీద పడి తిట్టింది. మీ ఇంట్లో వేసుకుంటామంటే వేసుకోండి, ఎవరొచ్చి అడుగుతారు, ఆట మొదలెట్టే ముందే ఒప్పుకోండి అంతే, చేతిలో ప్లస్ టూ పట్టుకుని అప్పుడు రూల్ చెప్పడాన్ని తొండి అంటారు. 1971లో ఒహాయోలో ఒక మంగలి షాపాయన ఈ ఆట చేసింది కూడా కొడుకుతో పేకాట రూల్స్ దగ్గర గొడవపడ్డాకేనని చెప్తారు. పందెం ఎంతో రాయలేదు, డబ్బులైతే మాత్రం నాకు చెప్పకండి. మా ఇంట్లో పందేలన్నీ చింతపిక్కలే.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్ళు. అందరం ఆడుతుంటే మధ్యలోకొచ్చి కార్డులన్నీ చెదరగొట్టీస్తాది. పంపించేస్తే ఏడుపు. – ఒక గుంటతల్లి, టెక్కలి

జవాబు: ఆటలో అరటిపండు అన్నమాట మన పెద్దవాళ్ళు ఊరికే పుట్టించలేదు. ఆడుతున్నట్టే ఉంటుంది, లెక్కలోకి రాదు. పాపకి ఒక పదవి ఇవ్వండి: చీటీలు తీసే పని, పాచిక వేసే పని, టైమర్ నొక్కే పని. వేసిన ప్రతిసారీ అందరూ చప్పట్లు కొట్టాలి. మా చిన్నోడు అలా రెండేళ్ళు తంబోలా చీటీలు తీశాడు, ఆరో ఏట ఒకరోజు హఠాత్తుగా ఆగి "నేను అరటిపండునా?" అని అడిగాడు. ఎవరు చెప్పారో తెలీదు. ఆ మొహం చూశాక మర్నాటి నుంచి వాడికి టికెట్ ఇచ్చేశాం. కాబట్టి పాప ఆ ప్రశ్న అడిగేలోపే నిజంగా ఆడించడం మొదలెట్టండి.

నిజంగా ఆడగలిగేవీ ఉన్నాయి. కార్డులు బోర్లా పరిచి జతలు వెతికే ఆట పెట్టండి, పెద్దవాళ్ళని వరసగా ఓడిస్తారు ఈ వయసు పిల్లలు, మేము కావాలని ఓడిపోయామని చెప్పుకుంటాం గానీ నిజం కాదు. జెంగా కూడా పనికొస్తుంది, 54 చెక్కముక్కలు మూడేసి చొప్పున 18 వరసలు పేర్చి, కింద నుంచి ఒక్కోటి లాగి పైన పెట్టాలి, ఎవరి చేతిలో కూలితే వాళ్ళు ఓడినట్టు. ఆఫ్రికాలో పెరిగిన లెస్లీ స్కాట్ అనే ఆవిడ చేసింది, ఆ పేరుకి స్వాహిలి భాషలో కట్టు, అంటే నిర్మించు అని అర్థం. మీ పాప కూల్చడానికే ఆడుతుంది, ఆడనివ్వండి, గట్టునున్న అందరూ ఎదురుచూసేది ఆ చప్పుడు కోసమే కదా.

ప్రశ్న: హాస్టల్లో పదిమందిమి మాఫియా ఆడతాం. ప్రతిసారీ మొదటి రాత్రే నన్ను చంపేస్తారు, మిగతా గంటంతా గోడకి ఆనుకుని కూర్చోవడమే. ఏం చెయ్యాలి? – ఇంజనీరింగ్ గుంట, రాజాం

జవాబు: అంటే నువ్వు బాగా పట్టేస్తావని వాళ్ళకి భయం, సంతోషించు. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను: చీటీలు తీస్తారు, ఇద్దరో ముగ్గురో మాఫియా, మిగతావాళ్ళు ఊరివాళ్ళు. రాత్రయిందంటే అందరూ కళ్ళు మూసుకోవాలి, మాఫియా మాత్రం కళ్ళు తెరిచి ఒకర్ని చూపిస్తారు, వాళ్ళు పోయినట్టు. తెల్లారాక ఊరంతా వాదించుకుని అనుమానం ఉన్నవాణ్ణి ఓటేసి బయటికి పంపాలి. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రి దవిదోవ్ అనే సైకాలజీ విద్యార్థి మొదలెట్టాడట, అంటే హాస్టల్ ఆట కిందే లెక్క. మనం చిన్నప్పుడు రాజు, రాణి, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు మడిచి విసిరి మొహాలు చూసి దొంగని పట్టుకునేవాళ్ళం, దానికి పెద్దయిన చుట్టం.

నీ కష్టానికి రెండు మందులు. మొదటి రాత్రి ఎవరూ చావరని రూల్ పెట్టండి, ఊరికే మాఫియా వాళ్ళు ఒకర్నొకరు చూసుకుని పడుకుంటారు. ఇంకోటి, మొదట పోయినవాళ్ళే కథ చెప్పేవాళ్ళవ్వాలి. కళ్ళన్నీ మూసుకున్నాక "నాగావళి గట్టు మీద కుక్క అరిచింది, వంతెన మీద ఎవరిదో సైకిల్ ఆగింది" అని నువ్వు మెల్లగా మొదలెట్టు, ఎవరు ఎవర్ని చూపిస్తున్నారో నీ కళ్ళారా చూస్తావు, నోరు మెదపకూడదు. అది ఆడినదానికంటే బాగుంటుంది, నిజం. ఒకసారి కుదిరిందంటే నన్ను చంపండి నన్ను చంపండి అని నువ్వే అంటావు.

ప్రశ్న: అమ్మాయ్, మా మనవడు స్నేక్స్ అండ్ లాడర్స్, లూడో ఇంగ్లీషువాళ్ళ ఆటలంటాడు. శివరాత్రి జాగారానికి మేము వైకుంఠపాళి ఆడింది ఎప్పటిమాట! వాడికి కాస్త చెప్పు. – ఒక అమ్మమ్మ, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: అమ్మమ్మగారూ, మీదే గెలుపు. పాములూ నిచ్చెనలూ మనదేశంలో పుట్టిన పటమే, పుణ్యం చేస్తే నిచ్చెన, పాపం చేస్తే పాము, పైన పరమపదం. 1890ల్లో ఇంగ్లండ్‌లో అమ్మకానికి పెట్టారు, అక్కడి పిల్లల కోసం పాపాలూ పుణ్యాలూ మార్చుకున్నారు, తర్వాత అవి కూడా పోయి ఒట్టి అంకెలు మిగిలాయి. లూడో అయితే మన పచ్చీసుని కుదించి 1896లో ఇంగ్లండ్‌లో పేటెంట్ చేసుకున్నదే. మనవడి ఫోన్‌లో ఉండేది దాని మనవడు.

వాడికి చెప్పడం కంటే ఆడించండి. అష్టాచెమ్మా గుర్తుందా, గచ్చు మీద సుద్దముక్కతో ఐదైదుల పాతిక గళ్ళు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, చెమ్మ. నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, అష్ట. ఆ రెండిట్లో ఏది పడినా ఇంకోసారి వేయాలి. అవతలివాళ్ళ కాయని ఒక్కదాన్నైనా చంపితే గానీ లోపలి గళ్ళలోకి వెళ్ళనివ్వకూడదు, ఇదే దీని కిటుకు. ఎంత మంచివాళ్ళైనా ఎవర్నో ఒకర్ని చంపాలి, అప్పుడు చూడాలి అక్కాచెల్లెళ్ళ మొహాలు. కాయలకి ఒకళ్ళవి చింతపిక్కలు, ఒకళ్ళవి గాజుముక్కలు, ఒకళ్ళవి చీపురుపుల్లలు, ఇంకొకళ్ళవి బటానీలు (ఆకలేస్తే తినేస్తారు, కళ్ళేసి ఉంచండి). ఆడేది నలుగురే అయినా చుట్టూ పదిమంది కూర్చుని "ఆ కాయ కాదే, ఈ కాయ నడుపు" అంటుంటారు, అసలు సందడంతా వాళ్ళదే. మనవడికి గవ్వలు అరచేతుల్లో ఆడించి వదలడం రాదు, ముందది నేర్పండి.

ప్రశ్న: లూడో పాచిక పోయిందండీ. పండగ పూట షాపులుండవు. గవ్వలతో ఆడేయొచ్చా? ఆరు గవ్వలు వేసి వెల్లకిలా పడ్డవి లెక్కపెడదామని మా ఆయన ఐడియా. – ఇచ్ఛాపురం నుంచి

జవాబు: మీ ఆయన ఐడియా వినడానికి బాగుంది గానీ లెక్క చూడండి. గవ్వ బోర్లా, వెల్లకిలా సమానంగా పడుతుందనే అనుకుందాం, ఆరు గవ్వలు 64 రకాలుగా పడతాయి, అందులో ఆరూ వెల్లకిలా పడేది ఒక్కటంటే ఒక్కటి. పాచికకైతే ఆరింట్లో ఒకటి. లూడోలో సిక్స్ పడితే గానీ కాయ బయటికి రాదు కదా, ఆరు గవ్వలతో కూర్చుంటే మొదటి కాయ ఇంట్లోంచి బయటికొచ్చేసరికి ముక్కనుమ అయిపోతుంది. పైగా మూడు మాత్రం తెగ పడుతుంది, 64లో 20 సార్లు.

స్టీలు గ్లాసులో ఆరు చీటీలు, ఒకటి నుంచి ఆరు దాకా రాసి, తీసి చూసి మళ్ళీ అందులోనే పడేయండి. అన్నట్టు ఫ్రిజ్ కింద వెతికారా? మాది రెండుసార్లు అక్కడే దొరికింది, ఒకసారి మాత్రం మినపప్పు డబ్బాలో.